పళవేర్కాడు ఒడ్డున వంద సెకన్లు

శ్రీహరికోట ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అక్కణ్నుంచి లేచే రాకెట్టును అనుమతి పత్రాల బెడద లేకుండా, కాళ్లు ఇసుకలో పెట్టుకుని చూడగలిగే మంచి ఒడ్డు మాత్రం పొరుగు రాష్ట్రంలో ఉంది. తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో పొన్నేరి మీదుగా పులికాట్ చేరి, సరస్సు మీది వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు నడిస్తే ఇసుక, వలలు, పడవలు, ఆపైన బంగాళాఖాతం. తమిళులు పళవేర్కాడు అని పిలిచే ఈ ఊళ్లో డచ్చివాళ్లు 1613లో కోట కట్టారు. కోట శిథిలమైపోయింది గానీ వాళ్ల సమాధుల తోట ఇప్పటికీ ఉంది. చలికాలంలో సరస్సులోకి ఫ్లెమింగోలు దిగుతాయి. సెలవులకు వచ్చినవాళ్లకు ఇవన్నీ చాలినంత వినోదమే. అయితే అదే ఒడ్డున నిలబడి ముఖం ఉత్తరానికి తిప్పితే, సరుగుడు తోపుల అవతల సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, మన దేశపు ఉపగ్రహాలు బయల్దేరే వేదికలు ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని టీవీలో చూడక ఇంత దూరం రావడం ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. టీవీలో కనిపించేది నిజంగా ఎక్కువే. నిప్పు, పొగ, తెర మూలన ఎత్తూ వేగమూ చెప్పే అంకెలు, ఆనందంతో లేచి నిలబడే శాస్త్రవేత్తలు, అన్నీ ఉంటాయి. లేనిది ఒక్కటే, దూరం. కెమెరా వేదిక పక్కనే ఉంటుంది కాబట్టి బొమ్మా చప్పుడూ కలిసి వస్తాయి. పళవేర్కాడు ఒడ్డున ఆ రెండూ విడిపోతాయి. రాకెట్టు గురించి పుస్తకంలో చదివినదాన్ని కంటితో, చెవితో సరిచూసుకోవాలంటే ఈ విడిపోవడమే కావాలి. టీవీ ముందు కూర్చున్నవాడు ప్రేక్షకుడు. ఒడ్డున గడియారం పట్టుకుని నిలబడ్డవాడు కొలిచేవాడు.

కంటికొక రాకెట్టు, చెవికొక రాకెట్టు

కౌంట్‌డౌన్ సున్నాకు వస్తుంది. ఉత్తరాన తోపుల మీద నారింజ వెలుగు ఒకటి పొడుచుకొస్తుంది. దాని కింద తెల్లటి పొగ మందంగా పేరుకుంటూ పైకి సాగుతుంది. చప్పుడు మాత్రం ఉండదు. అలల హోరు, పక్కవాళ్ల కేకలు తప్ప ఇంకేం వినిపించదు. మొదటిసారి వచ్చినవాళ్ల మొహాల్లో ‘ఇంతేనా’ అన్న భావం ఈ దశలోనే కనిపిస్తుంది.

మన తీరపు వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. 35 కిలోమీటర్లు దాటి రావడానికి దానికి 100 సెకన్లు కావాలి. వెలుతురు ఆ దూరాన్ని సెకనులో పదివేలో వంతు కాలంలోనే దాటేస్తుంది. కాబట్టి నిప్పు కనిపించిన క్షణం నుంచి గడియారం చూస్తూ ఉంటే, నిమిషమూ నలభై సెకన్లూ గడిచాక నేల అడుగు నుంచి వస్తున్నట్టు గర్జన మొదలవుతుంది.

ఈ వంద సెకన్లలో రాకెట్టు ఎక్కడికి పోయిందో చూద్దాం. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3నే తీసుకోండి. ఎత్తు 43.5 మీటర్లు, బరువు సుమారు 640 టన్నులు. నేల మీద మండేవి దాని రెండు పక్కలా ఉన్న ఘన ఇంధన బూస్టర్లే. ఒక్కొక్కదానిలో 200 టన్నుల పైచిలుకు ఇంధనం. మధ్యలో ఉన్న ద్రవ ఇంధన దశ నేల మీద నిద్రపోతూనే ఉంటుంది. అది గాల్లో, దాదాపు 108వ సెకనులో నిద్ర లేస్తుంది. 127వ సెకనులో, సుమారు 62 కిలోమీటర్ల ఎత్తున, కాలిపోయిన బూస్టర్లు ఊడి పడిపోతాయి. అంటే ప్రయోగ వేదిక మీద పుట్టిన మొదటి గర్జన మీ చెవిని తాకేసరికి అసలు రాకెట్టు ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. బూస్టర్ల ఆయుష్షు అప్పటికి అర నిమిషం కూడా మిగలదు. మీ కళ్లు చూస్తున్నది ఒక రాకెట్టు, చెవులు వింటున్నది వంద సెకన్ల కిందటి రాకెట్టు.

ఇక్కడితో ఆగదు. రాకెట్టు దూరమయ్యే కొద్దీ ఆ తర్వాతి చప్పుళ్లు ఇంకా ఎక్కువ దూరం నడిచి రావాలి. అందుకే గర్జన సాగుతున్నట్టుంటుంది, స్థాయి కూడా దిగుతుంది. సుమారు నిమిషం లోపే రాకెట్టు ధ్వని వేగాన్ని మించుతుంది. అక్కణ్నుంచి అది తన చప్పుణ్ని తానే వెనక వదిలేసి పోతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక ధ్వనిని మోసుకురావడానికి గాలే సరిగా లేదు. కాబట్టి ఇంజన్లు మరో పావుగంట మండినా ఒడ్డున వినిపించేది ఆ తొలి అంకమే.

దగ్గరగా విన్నవాళ్లు రాకెట్టు చప్పుడు చెవులు చిల్లులు పడేలా పటపటలాడుతుందని చెబుతారు. పళవేర్కాడులో ఆ పటపట ఉండదు, బరువైన మోత మాత్రం ఉంటుంది. గాలి కీచు స్వరాలను తొందరగా మింగేస్తుంది, మంద్ర స్వరాలను వదిలేస్తుంది. దూరపు వీధిలో ఊరేగింపు వెళ్తుంటే నాదస్వరం అందదు, డోలు మాత్రం గుండెకు తగులుతుంది కదా, అదే సూత్రం. రేకుల ఇళ్ల పైకప్పులు, కిటికీ అద్దాలు గలగలమనడం ఆ మంద్ర ధ్వని పనే.

ఒకసారి దద్దరిల్లిన చోటే మరోసారి ఏమీ వినిపించకపోవడానికి కారణం రాకెట్టు కాదు, వాతావరణం. తెల్లవారుజామున నేలా సరస్సూ చల్లబడి, వాటి మీది గాలి పైగాలి కంటే చల్లగా ఉంటే ధ్వని కిందికి వంగి చాలా దూరం పాకుతుంది. మండుటెండలో నేల కాగి ఉంటే అది పైకి వంగి మన తల మీదుగా వెళ్లిపోతుంది. దీనికి తోడు గాలి వాలు. చలికాలంలో ఈ తీరాన గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, శ్రీహరికోట చప్పుణ్ని పులికాట్ వైపు నెడుతుంది. వేసవిలో దక్షిణపు గాలి దానికి ఎదురు నిలుస్తుంది. చెవికి విందు కావాలంటే చలికాలపు ఉదయం ప్రయోగానికే రావాలి. కంటి సంగతి వేరు, దానికి మబ్బు లేకపోతే చాలు.

తిరుత్తణి కొండ నుంచి

ఇంతదూరం రాలేనివాళ్ల మాటేమిటి? సూళ్లూరుపేట వేదికలకు ఇరవై రెండు, ఇరవై మూడు కిలోమీటర్లు. అక్కడ చప్పుడు నిమిషం దాటగానే వచ్చేస్తుంది. చెన్నై మెరీనా, తిరువళ్లూరు పట్టణం రెండూ ఇంచుమించు 75 కిలోమీటర్లు. తిరుత్తణి 90.

తిరుత్తణి గురించి ఒక ముక్క చెప్పాలి. 1960 ఏప్రిల్ 1 దాకా అది మన చిత్తూరు జిల్లాలోది. సరిహద్దుల సర్దుబాటులో అది మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. గీత మారినా వీధుల్లో తెలుగు మాట పోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1888 సెప్టెంబరు 5న. శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టినదీ సెప్టెంబరు 5నే, 2002లో. రాధాకృష్ణన్‌లాగే ధవన్ కూడా గొప్ప అధ్యాపకుడే. దీన్నుంచి శాస్త్రమేదీ లాగనక్కర్లేదు, బాగుందని చెబుతున్నానంతే.

తిరుత్తణి నుంచి చూసేవాళ్లు ఈశాన్యానికి తిరగాలి. అక్కడ రాకెట్టు లేచిన క్షణాన కనిపించదు. అడ్డంగా ఇళ్లూ చెట్లూ లేకపోయినా కనిపించదు. అడ్డం వచ్చేది భూమే. మనిషి నేల మీద నిలబడితే అతని దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. ఆ తర్వాత భూమి కిందికి ఒంగిపోతుంది. ఆ ఒంపు లెక్క వేస్తే పులికాట్ ఒడ్డున నిలబడ్డవాడికి శ్రీహరికోటలో అడుగున ఉన్న సుమారు 70 మీటర్లు మరుగున పడతాయి. ఎల్‌వీఎం3 ఎత్తేమో 43.5 మీటర్లు. అంటే వేదిక మీద ఉన్న రాకెట్టు కొన కూడా పులికాట్‌లో కనిపించదు. అది కొన్ని సెకన్లు లేచాకే మన లోకంలోకి వస్తుంది. మెరీనాలో మరుగున పడేది 390 మీటర్లు, తిరుత్తణి మైదానంలో దాదాపు 570 మీటర్లు. గాలి కాంతిని కాస్త వంచుతుంది కాబట్టి అసలు అంకెలు వీటికంటే కొంచెం తక్కువే ఉంటాయి, కానీ కథ మారదు. టీవీలో ‘లిఫ్టాఫ్’ అన్నాక ఎన్ని సెకన్లకు మీ ఊళ్లో నిప్పు కనిపించిందో రాసిపెట్టుకుంటే, భూమి గుండ్రంగా ఉందనడానికి మీ సొంత సాక్ష్యం మీ దగ్గర ఉన్నట్టే. ప్రత్యక్ష ప్రసారం ఫోన్లో కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుందన్నది మాత్రం మరిచిపోకండి. ఆకాశవాణి గంటతోనో ఇంకో మంచి గడియారంతోనో సరిచూసుకున్న సమయమే నమ్మదగింది.

అందుకే తిరుత్తణిలో ఊళ్లో కంటే కొండ మీద నిలబడటం మేలు. ఎత్తు పెరిగితే దిగంతం వెనక్కి జరుగుతుంది, రాకెట్టు త్వరగా కంటబడుతుంది. ఏటా డిసెంబరు 31న అక్కడ మెట్ల పండగ జరుగుతుంది, 365 మెట్ల మీద భజనలు చేస్తూ జనం సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి ఎక్కుతారు. 2024 జనవరి 1 ఉదయం 9:10కి పీఎస్‌ఎల్‌వీ-సీ58 ఎక్స్‌పోశాట్ ఉపగ్రహంతో లేచింది. కొత్త ఏడాదికి కొండెక్కినవాళ్లకు ఈశాన్యాన అదొక అదనపు దర్శనం, ఎటు చూడాలో తెలిసి ఉంటే.

ఎంత ఎత్తున వెతకాలో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. చెయ్యి బారచాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. రాకెట్టు 15 కిలోమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు పులికాట్ వాళ్లకు అది దిగంతం మీద రెండు పిడికిళ్లు దాటి ఉంటుంది. తిరుత్తణిలో ఒక్క పిడికిలి. చెట్టు అడ్డం వస్తే అంతే సంగతులు.

పైకి కాదు, పక్కకి

రాకెట్టు నింగిలోకి దూసుకెళ్లిందని రాయడం మన పత్రికల్లో ఆనవాయితీ. ఒడ్డున చూస్తే సగమే నిజమని తెలుస్తుంది. మొదటి పది, పదిహేను సెకన్లే అది నిటారుగా లేస్తుంది. తర్వాత సముద్రం మీదికి ఒరగడం మొదలుపెడుతుంది. రెండో నిమిషం వచ్చేసరికి తెల్లటి చార విల్లులా వంగిపోతుంది. అప్పుడు గుంపులో ఎవరో ఒకరు ‘అయ్యయ్యో, పడిపోతోంది’ అంటారు. పడిపోవడం కాదు, అసలు పని అప్పుడే మొదలైంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరగాలంటే కావలసింది ఎత్తు కంటే అడ్డంగా వేగం. దగ్గరి కక్ష్యకే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైమాట.

చంద్రయాన్-3 ప్రయాణంలోనే ఇది తేటతెల్లంగా ఉంది. రెండో దశ పని అయిపోయిన 305వ సెకనులో రాకెట్టు దాదాపు 175 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆ తర్వాత క్రయోజెనిక్ దశ పదకొండు నిమిషాలకు దగ్గరగా మండింది. చివర ఉపగ్రహం విడిపోయినప్పుడు ఎత్తెంత? దాదాపు 179 కిలోమీటర్లు. అన్ని నిమిషాల మంటకు పెరిగిన ఎత్తు నాలుగు కిలోమీటర్లు, అంటే ఇంధనం వృథా అయిందనుకుంటున్నారా? అదంతా వేగంగా మారింది. విడిపోయేసరికి నౌక సెకనుకు 10 కిలోమీటర్ల పైన పరుగెడుతోంది. చందమామ దాకా వెళ్లడానికి పునాది ఆ పరుగే.

అడ్డంగా పరుగెత్తాలి కాబట్టే తూర్పు తీరం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో కదులుతుంది. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉంది కనక అక్కడ 450 మీటర్లు. తూర్పుకు వెళ్లే రాకెట్టుకు ఆ వేగం బయల్దేరకముందే జేబులో ఉన్నట్టు. ఇదే ఆశతో ఫ్రెంచివాళ్లు దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల దూరంలో ఉన్న కూరూకు వెళ్లారు, అమెరికన్లు ఫ్లోరిడా తూర్పు తీరంలోని కేప్ కెనావరల్‌ను ఎంచుకున్నారు. ఒర్లాండో చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లకు టైటస్‌విల్, కొకోవా బీచ్ ఒడ్డులు ఎలాగో, చెన్నై చుట్టుపక్కల తెలుగువాళ్లకు పళవేర్కాడు అలాగ.

అన్ని రాకెట్లూ తూర్పుకే వెళ్లవు. పులికాట్ వెళ్లేముందు ఏ రాకెట్టో కనుక్కోవాలని నేను చెప్పేది ఇందుకే. జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 సాధారణంగా తూర్పు-ఆగ్నేయంగా సముద్రంలోకి వెళ్లిపోతాయి. చూసేవాడికి ఎడమ నుంచి కుడికి జరిగి దూరమవుతాయి. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ దక్షిణానికి పోవాలి. నేరుగా పోతే దారిలో శ్రీలంక ఉంది. ఊడిపడే దశలు జనం మీద పడకూడదు కాబట్టి ముందు ఆగ్నేయంగా వెళ్లి, లంకను తప్పించుకుని తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోయగలిగే బరువు తగ్గుతుంది. పెద్ద రాకెట్లు ఆ నష్టాన్ని భరిస్తాయి, చిన్న రాకెట్టుకు అది పెనుభారం. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కణ్నుంచి చూస్తే దక్షిణాన అడ్డం లేదు. పులికాట్ ఒడ్డున ఉన్నవాళ్లకు మాత్రం పీఎస్‌ఎల్‌వీ పడే ఈ పాట్లు వరమే. అది మన ముందు నుంచే, తూర్పున సముద్రం మీదుగా దక్షిణానికి సాగుతుంది, ఎక్కువసేపు కనబడుతుంది. నన్నడిగితే కంటికింపైన ప్రయోగం ఎల్‌వీఎం3 కాదు, పీఎస్‌ఎల్‌వీ.

మంటల రంగులు కూడా సమాచారమే. కళ్లు మిరుమిట్లు గొలిపే పసుపు-తెలుపు మంట, దట్టమైన తెల్ల పొగ కనిపిస్తే అది ఘన ఇంధనం. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, కాలి అల్యూమినియం ఆక్సైడు ధూళిగా మిగులుతుంది. పొగ చార చాలాసేపు పోకుండా నిలిచేది దానివల్లే. ద్రవ ఇంధనపు వికాస్ ఇంజన్ మంట పలచన, పొగ తక్కువ. హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ మండించే క్రయోజెనిక్ దశ విడిచేది ప్రధానంగా నీటి ఆవిరే. అది వెలిగేసరికి రాకెట్టు మన చూపు దాటి ఉంటుంది కూడా. బైనాక్యులర్స్ ఉంటే పీఎస్‌ఎల్‌వీలో మరో ముచ్చట చూడొచ్చు. 2013 నవంబరు 5న మంగళయాన్‌ను మోసుకెళ్లిన రకం రాకెట్టుకు పక్కల బిగించిన ఆరు స్ట్రాపాన్ మోటార్లు ఉంటాయి. నాలుగు నేల మీదే వెలుగుతాయి, రెండు 25వ సెకనులో గాల్లో వెలుగుతాయి. మొదటి నాలుగూ 70వ సెకను దగ్గర, తర్వాతి రెండూ 92వ సెకను దగ్గర ఊడిపోతాయి. ఉదయపు ప్రయోగాల్లో రాకెట్టు సూర్యుడి దిక్కుగానే పోతుంది, బైనాక్యులర్స్‌లో సూర్యుడు పడితే చూపు పోతుంది. పిల్లల చేతికి ఇచ్చేముందు పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

సంధ్యవేళ

ఒకే ఒక్క ప్రయోగం చూసే వీలుంటే సూర్యోదయానికి కాస్త ముందో, సూర్యాస్తమయం అయిన కాసేపటికో జరిగేది ఎంచుకోండి. శ్రీహరికోట నుంచి జరిగిన నూరో ప్రయోగం అలాంటిదే. 2025 జనవరి 29 ఉదయం 6:23కి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 లేచింది. ఈ తీరాన ఆ రోజుల్లో పొద్దు పొడిచేది ఇంచుమించు 6:35కి. నేల మీద ఇంకా మసకే. పైన అలా కాదు. సూర్యుడు దిగంతానికి 3 డిగ్రీలు కింద ఉన్నప్పుడు మన తల మీద 9 కిలోమీటర్లు దాటితే ఎండ ఉంటుంది. 6 డిగ్రీలు కింద ఉంటే 35 కిలోమీటర్ల పైన, 10 డిగ్రీలైతే దాదాపు 100 కిలోమీటర్ల పైన. రాకెట్టు చీకట్లో బయల్దేరి, ఆ ఎత్తు దాటగానే ఎండలోకి అడుగుపెడుతుంది. అంతదాకా బూడిదరంగులో ఉన్న పొగ ఒక్కసారిగా వెండిలా మెరుస్తుంది.

పొగ ఆకారం కూడా మారుతుంది. కింద గాలి ఒత్తిడి ఉన్నంతసేపూ మంట సన్నగా, బిగుతుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ నొక్కే గాలి ఉండదు, ఇంజన్ నుంచి వచ్చే వాయువులు ఎటు పడితే అటు విచ్చుకుంటాయి. సంధ్యవేళ ఆ విప్పారిన వాయువుల మీద ఎండ పడి, వెనక ఆకాశం నల్లగా ఉంటే అది మైళ్ల వెడల్పున వెలుగుతుంది. కింద మిగిలిన చారను వేర్వేరు ఎత్తుల్లోని గాలులు వేర్వేరు దిక్కులకు లాగి వంకరలు తిప్పుతాయి. ఆ వంకరలే పైగాలుల పటం. ప్రయోగానికి ముందు శ్రీహరికోట శాస్త్రవేత్తలు బెలూన్లు వదిలి కొలిచేది ఆ గాలుల్నే. సాయంత్రం ప్రయోగం అయిపోగానే జనం వెనక్కి తిరిగి బండ్లు తీస్తారు, నిజమైన అందం మొదలయ్యేది అప్పుడే. పది నిమిషాలు ఆగితే పోయేదేం లేదు, ట్రాఫిక్ కూడా తగ్గుతుంది.

ఒడ్డుకు తెలియనివి, ఒడ్డు మోసేవి

చూసినంత మాత్రాన ప్రయోగం గెలిచిందని చెప్పలేం. 2017 ఆగస్టు 31 సాయంత్రం 7 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ39 చక్కగా లేచింది. కనుచూపు దాటాక ఉపగ్రహాన్ని కప్పి ఉంచిన ఉష్ణ కవచం విడిపోలేదు. ఉపగ్రహం ఆ డొప్పలోనే ఇరుక్కుపోయింది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది. ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఈ రెండు రోజులూ విజయాల్లాగే కనిపించి ఉంటాయి. దీనికి తిరగబడ్డ రోజులూ ఉన్నాయి. 2006 జులై 10న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్02, 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 బయల్దేరిన నిమిషం అటూ ఇటూగా దారి తప్పాయి, వాటి ముక్కలు బంగాళాఖాతంలో పడ్డాయి.

ఆ ముక్కలు పడే చోట పడవలు ఉండకూడదు. ప్రయోగానికి ముందు నౌకలకూ విమానాలకూ హెచ్చరికలు వెళ్తాయి, తీరంలోని మత్స్యకారులను సముద్రంలోకి వెళ్లొద్దంటారు. సెలవు మీద వచ్చినవాడికి వినోదమైన రోజు పళవేర్కాడు జాలరికి వేట పోయిన రోజు. శ్రీహరికోట దీవి చరిత్రలో ఇంతకంటే పెద్ద మూల్యమూ ఉంది. శ్రీహరికోట యానాదుల ఊరు. కేంద్రానికి 1969లో ఆ చోటును ఎంచుకున్నాక, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరే నాటికి, తరతరాలుగా ఆ అడవిలో బతికిన కుటుంబాలు చోటు మారాల్సి వచ్చింది. మన అంతరిక్ష విజయాల గురించి రాసేటప్పుడు ఈ వాక్యం వదిలేయడం నాకు న్యాయమనిపించదు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకు. ఇస్రో ప్రకటించిన తేదీని నమ్మి రైలు టిక్కెట్టు కొనండి గానీ, మరుసటి రోజుకూ కాస్త వెసులుబాటు ఉంచుకోండి. చంద్రయాన్-2 మొదట 2019 జులై 15 తెల్లవారుజామున వెళ్లాల్సింది. కౌంట్‌డౌన్ ఇంకా 56 నిమిషాలుండగా ఆగింది, వారం తర్వాత 22న వెళ్లింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం సున్నాకు ఐదు సెకన్ల ముందు ఆగి, లోపం సరిదిద్దాక 10 గంటలకు ఎగిరింది. ఆగినప్పుడు వెంటనే మూటాముల్లే సర్దుకున్నవాళ్లు రెండోది చూడలేదన్నమాట. కొన్ని కిలోమీటర్ల దూరం నుంచే చూడాలంటే శ్రీహరికోటలో 2019లో తెరిచిన సందర్శకుల గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ రాకెట్టు పెద్దగా కనిపిస్తుంది, చప్పుడు త్వరగానే వస్తుంది. భూమి ఒంపు, వంద సెకన్ల ఎడం మాత్రం దొరకవు.

పులికాట్‌కైతే చెన్నై-గూడూరు మార్గంలోని పొన్నేరి స్టేషన్లో దిగి బస్సెక్కండి. మంచినీళ్లు, టోపీ, సెకన్లు చూపే గడియారం తీసుకెళ్లండి. ఫోన్లో వీడియో తీసేవాళ్లు వెలుతురు సర్దుబాటును ముందే స్థిరపరచండి, లేకపోతే మంట తెల్లటి మచ్చగా మిగులుతుంది. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చుకోండి. ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఇంకాస్త దగ్గరగా చూద్దామని సరస్సులోగానీ సముద్రంలోగానీ పడవ ఎక్కొద్దు. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో విహారానికి వెళ్లిన పడవ మునిగి 22 మంది చనిపోయారు.